లా చదవాలంటే పొలిటికల్ సైన్సే చదవాలా?

హోసూరు బస్టాండు పక్కన టీ కొట్టు దగ్గర మొన్న ఓ పెద్దాయన పట్టుకున్నాడు. "ఏమన్నా, మా పాప లాయరు చదవతాదంట. దానికి పొలిటికల్ సైన్స్ చదివుండాలంట కదా! మా ఊరి స్కూల్లో ఆ గ్రూపే లేదు. ఇంగ ఏం చేసేది?" అని ఒకటే దిగులు. పరీక్షల ఫలితాలు వచ్చే రోజుల్లో ఈ ప్రశ్న ఒక్క హోసూరులోనే కాదు, సరిహద్దు పొడవునా వినిపిస్తుంది. బళ్లారిలో పీయూసీ పిల్లల తల్లిదండ్రులు అడుగుతారు. బరంపురంలో ప్లస్ టూ ఆర్ట్స్ ఫారం చేతిలో పట్టుకుని అడుగుతారు. సిరొంచలో, యానాంలో అడుగుతారు. యాస మారుతుంది గానీ ప్రశ్న మాత్రం అదే.

జవాబు ముందే చెప్పేద్దాం. చదివి ఉండాలన్న రూలేమీ లేదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో తెచ్చిన న్యాయవిద్య నిబంధనల ప్రకారం ఐదేళ్ల కోర్సుకు ప్లస్ టూ ఉండాలి, మూడేళ్ల కోర్సుకు డిగ్రీ ఉండాలి. ఏ గ్రూపు, ఏ సబ్జెక్టు అని ఎక్కడా లేదు. మార్కులు మాత్రం చూస్తారు. జనరల్ వాళ్లకు కనీసం 45 శాతం, ఓబీసీలకు 42, ఎస్సీ ఎస్టీలకు 40. బీకాం అయినా, బీఎస్సీ అయినా, ఇంజినీరింగ్ అయినా తలుపు తెరిచే ఉంటుంది.

మరి ఈ మాట ఎలా పుట్టింది? పుట్టడానికి కారణం లేకపోలేదు. పాతకాలపు నాయకుల్లో లాయర్లు ఎక్కువ. రాజకీయాలకు, కోర్టుకు మధ్య దారి దగ్గరని జనానికి తెలుసు. అంబేద్కర్ బొంబాయిలో బీఏ చదివింది ఆర్థిక, రాజనీతి శాస్త్రాలతోనే. తర్వాత లండన్‌లో బారిస్టరయ్యారు. మన బరంపురంలో పుట్టిన వి.వి. గిరి ఐర్లాండు వెళ్లి లా చదివారు. డబ్లిన్‌లో ఉన్నన్నాళ్లూ అక్కడి రాజకీయాలు కళ్లారా చూశారు. తిరిగొచ్చి వకీలుగా, కార్మిక నాయకుడిగా ఎదిగి 1969లో రాష్ట్రపతి అయ్యారు.

ఇదే లెక్కన అటువైపు పేర్లూ చెప్పొచ్చు. పి.వి. నరసింహారావు డిగ్రీలో చదివింది సైన్స్, లా చదివింది నాగ్‌పూర్‌లో. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా 2021 ఏప్రిల్ నుంచి 2022 ఆగస్టు దాకా పనిచేసిన ఎన్.వి. రమణ గారిదీ సైన్స్ డిగ్రీయే. కాబట్టి పేర్లు చూసి ఏదీ తేల్చలేం. లోపల ఏముందో చూడాలి.

వందలో పదిహేడు

లా కోర్సులో పొలిటికల్ సైన్స్ నేరుగా పనికొచ్చే పేపర్లు ఏవి? రాజ్యాంగ చట్టం, అది సాధారణంగా రెండు పేపర్లు. పాలనా చట్టం, న్యాయశాస్త్ర సిద్ధాంతం, అంతర్జాతీయ చట్టం. సార్వభౌమాధికారం, అధికారాల విభజన, కేంద్ర రాష్ట్ర సంబంధాలు, ప్రాథమిక హక్కులు అనే మాటలు ముందే విని ఉన్న పిల్లలకు ఈ పేపర్లలో అదురు బెదురు ఉండదు. కేశవానంద భారతి కేసులో 1973లో 13 మంది జడ్జీలు కూర్చుని పార్లమెంటు రాజ్యాంగాన్ని ఎంతవరకు మార్చొచ్చో తేల్చారు. ఆ తీర్పు చదవాలంటే ముందు పార్లమెంటు అంటే ఏమిటో, రాజ్యాంగం దాన్ని ఎక్కడ ఆపుతుందో తెలియాలి. అది రాజనీతి పాఠమే.

మిగతా పేపర్ల సంగతి వేరు. కాంట్రాక్టులు, ఆస్తి బదిలీ, సాక్ష్యం, సివిల్ ప్రొసీజర్, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ చట్టాలు మూడు, కుటుంబ చట్టాలు, పన్నులు. వీటిలో పొలిటికల్ సైన్స్ చేసే సాయం చాలా తక్కువ. పన్నులు, కంపెనీ చట్టంలో కామర్స్ పిల్లలు చురుగ్గా ఉంటారు. పేటెంట్ల పనికి సైన్స్ డిగ్రీయే కావాలి.

అంకెల్లో కావాలంటే ఆలిండియా బార్ పరీక్ష చూడండి. లా పాసైన వాళ్లు ప్రాక్టీసు కొనసాగించాలంటే రాయాల్సిన పరీక్ష అది. 2011 నుంచి జరుగుతోంది, తెలుగులోనూ రాయొచ్చు. ఇటీవలి సిలబస్‌లో ఉన్న వంద మార్కుల్లో రాజ్యాంగ చట్టానికి 10, పాలనా చట్టానికి 3, ప్రజాప్రయోజన వ్యాజ్యాలకు 4. అంటే పొలిటికల్ సైన్స్ దగ్గరి చుట్టాలన్నీ కలిపితే 17. సివిల్ ప్రొసీజర్ ఒక్కదానికే 10, క్రిమినల్ ప్రొసీజర్‌కు 10, సాక్ష్యానికి 8, కుటుంబ చట్టాలకు 8. తాలూకా కోర్టులో కొత్తగా కోటు వేసుకున్న కుర్రాడికి పూట గడిపేది కూడా ఇవే. భాగపంపకాల దావా, చెక్కు బౌన్సు, యాక్సిడెంటు క్లెయిము. అక్కడ రూసో, లాస్కీ ఎవరికీ గుర్తురారు.

ఇంకో సంగతి. ఐదేళ్ల బీఏ ఎల్‌ఎల్‌బీలో చేరితే మొదటి రెండు మూడేళ్లలో పొలిటికల్ సైన్స్ పేపర్లు మామూలుగా వాళ్లే చెబుతారు. కాబట్టి ఐదేళ్ల కోర్సుకు వెళ్లే పిల్ల ప్లస్ టూలో ఆ గ్రూపు దొరకలేదని ఏడవాల్సిన పని లేదు. ప్రశ్న అసలు వర్తించేది డిగ్రీ చేసి, తర్వాత మూడేళ్ల లా చేద్దామనుకునే వాళ్లకు.

ఇంతవరకు చదివినవాళ్లు, అయితే ఆ సబ్జెక్టు దండగేనా అనుకోవచ్చు. విజయవాడలోనో వరంగల్‌లోనో ఉన్నవాళ్లు అలా అనుకున్నా పెద్ద నష్టం లేదు. సరిహద్దుకు ఇవతల ఉన్న మనకు మాత్రం లెక్క వేరే ఉంది.

మన బతుకే ఒక కేసు

తమిళనాడు 2006లో తమిళ అభ్యసన చట్టం తెచ్చింది. ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి మొదటి భాష. ఏటా ఒక్కో తరగతికి పెంచుకుంటూ పోయారు. 2015-16కు అది పదో తరగతికి వచ్చింది. హోసూరు, డెంకణికోట వైపు తెలుగు బడుల్లో పిల్లలు పబ్లిక్ పరీక్షలో తమిళం పేపరు రాయాల్సిన పరిస్థితి. భాషా అల్పసంఖ్యాకులు కోర్టుకెక్కారు. హైకోర్టులో, తర్వాత సుప్రీంకోర్టులో ఏటికి ఏడాది మినహాయింపులు తెచ్చుకుంటూ వచ్చారు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చింది కూడా ఒక ఏడాది పొడిగింపే.

ఈ వ్యవహారాన్ని మన ఇళ్లలో ఎలా మాట్లాడుకున్నాం? "తెలుగును తొక్కేస్తున్నారు" అని ఒకరు, "ఉండేది తమిళనాడులో, తమిళం చదివితే ఏం పోయె?" అని ఇంకొకరు. రెండూ ఆవేశమే. కోర్టులో మాత్రం ప్రశ్నలు ఇలా ఉండవు. విద్య మీద చట్టం చేసే అధికారం ఎవరిది? మొదట రాష్ట్రాలది. 1976లో 42వ సవరణతో ఉమ్మడి జాబితాకు వెళ్లింది. భాషా అల్పసంఖ్యాకులంటే ఎవరు? దేశం మొత్తం మీద చూడాలా, రాష్ట్రం వరకే చూడాలా? టీఎంఏ పై కేసులో 2002లో 11 మంది జడ్జీల ధర్మాసనం రాష్ట్రాన్నే కొలతగా తీసుకుంది. అందుకే దేశంలో కోట్ల మంది మాట్లాడే తెలుగు తమిళనాడులో, కర్ణాటకలో, ఒడిశాలో అల్పసంఖ్యాక భాష అయింది. 30వ అధికరణ మనకు బడులు పెట్టుకునే, నడుపుకునే హక్కు ఇస్తుంది. 350-ఏ ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటుకు ప్రయత్నించమని రాష్ట్రానికి చెబుతుంది. "ప్రయత్నించమని" అన్న మాట గమనించండి. హక్కుకు, ప్రయత్నానికి మధ్య ఉన్న తేడాలోనే సగం కేసు ఉంది.

ఇక్కడే మన వాళ్లకు నచ్చని తీర్పు ఒకటుంది. మహారాష్ట్రలో గుజరాతీ బడులవాళ్లు మరాఠీని తప్పనిసరి చేయడం మీద కోర్టుకు వెళితే, 2004లో ఉషా మెహతా కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రం వైపే నిలబడింది. ఉన్న రాష్ట్రం భాష నేర్చుకోమనడం అల్పసంఖ్యాక హక్కును కాజేయడం కాదంది. పదేళ్ల తర్వాత, 2014లో కర్ణాటక కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఇంకో సంగతి చెప్పింది. ప్రాథమిక బడిలో మాతృభాషా మాధ్యమాన్నే రాష్ట్రం బలవంతంగా రుద్దకూడదు, ఏ మాధ్యమమో ఎంచుకునేది తల్లిదండ్రులు అంది. ఒకటి భాషను సబ్జెక్టుగా నేర్పడం గురించి, రెండోది మాధ్యమం గురించి. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో పట్టుకోగలిగిన కుర్రాడు లా కాలేజీలో వెనకబడడు. పట్టుకోలేని లాయరు మన బడుల తరఫున నిలబడినా ఉపయోగం తక్కువ.

సర్టిఫికెట్ల గొడవ చూడండి. ఇది మన ఇళ్లలో ఇంకా పచ్చి పుండు. అమ్మమ్మ ఊరు చిత్తూరు జిల్లా, మనం ఉండేది కృష్ణగిరి జిల్లా, కులం ఒక్కటే. అక్కడ ఒక జాబితాలో ఉంటుంది, ఇక్కడ వేరే జాబితాలో ఉంటుంది, లేదా అసలుండదు. 341, 342 అధికరణలు ఎస్సీ ఎస్టీ జాబితాలను "ఆ రాష్ట్రానికి సంబంధించి" అని కట్టేశాయి. మర్రి చంద్రశేఖరరావు కేసు ఈ విషయం మీద వచ్చిందే. ఆంధ్రలో ఎస్టీగా పుట్టి, చిన్నప్పుడే తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయి చేరిన తెలుగు కుర్రాడు అక్కడ మెడికల్ సీటుకు రిజర్వేషన్ అడిగాడు. ఒక రాష్ట్రంలోని హోదా ఇంకో రాష్ట్రానికి మోసుకుపోవడం కుదరదని 1990లో సుప్రీంకోర్టు తేల్చింది. మన దగ్గర తాసీల్దారు ఆఫీసు వరండాలో తగిలే జవాబు వెనక ఉన్నది ఈ తీర్పే. క్లర్కును తిట్టి లాభం లేదు.

తుంగభద్ర సంగతి బళ్లారి, హొసపేట వాళ్లకు చెప్పక్కర్లేదు. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ నంబరు గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. వారం పాటు నీళ్లు నదిలోకి పోతుంటే అందరూ అడిగింది, బాధ్యత ఎవరిదని. డ్యాము ఉన్నది కర్ణాటకలో, కాలువలు పోయేది ఇటు బళ్లారికీ అటు అనంతపురం, కర్నూలుకూ, అజమాయిషీ చేసేది బోర్డు. ఆ బోర్డు 1953 నాటి ఆంధ్ర రాష్ట్ర చట్టం కింద పుట్టింది. అంటే ఓ రాష్ట్రం విడిపోయినప్పుడు రాసుకున్న చట్టంలోని ఒక సెక్షన్, 71 ఏళ్ల తర్వాత ఒక గేటు దగ్గర మళ్లీ నిద్ర లేచింది. కోరాపుట్ వైపు కొటియా గ్రామాలదీ అలాంటిదే. 1968లో సుప్రీంకోర్టుకు ఎక్కిన తగాదా. 2021 ఫిబ్రవరిలో అక్కడ ఆంధ్ర పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా కోర్టు ధిక్కారం పిటిషన్ వేసింది. రాష్ట్రాల మధ్య తగాదా నేరుగా సుప్రీంకోర్టుకే ఎందుకు పోతుంది, నీళ్ల తగాదా అయితే ట్రిబ్యునల్‌కు ఎందుకు పోతుంది? 131, 262 అధికరణలు చదివితే తెలుస్తుంది. ఈ రెండూ బీఏ పొలిటికల్ సైన్స్ సిలబస్‌లో ఉన్న సంగతులే.

చెప్పొచ్చేదేమిటంటే, సరిహద్దులో పెరిగిన పిల్లలకు పొలిటికల్ సైన్స్ ఒక పుస్తకం కాదు, ఇంట్లో రోజూ నలిగే మాటలకు పేర్లు పెట్టే చదువు. 1936లో బరంపురం ఒడిశాలోకి పోయింది, 1953లో బళ్లారి తాలూకా మైసూరులోకి పోయింది, 1960లో తిరుత్తణి మద్రాసులోకి పోయింది. గీత జరిగిన ప్రతిచోటా కొన్ని లక్షల జీవితాలు ఒక చట్టం కింది నుంచి ఇంకో చట్టం కిందికి మారాయి. లా కాలేజీలో చేరకముందే ఈ సంగతి గ్రహించినవాళ్లకు ప్రశ్న ఎలా వేయాలో వచ్చేస్తుంది. ఆ సబ్జెక్టు తీసుకొమ్మని నేను చెప్పేది 17 మార్కుల కోసం కాదు, దీని కోసం.

గైడు చదువు

అయితే ఒక షరతు. మన కాలేజీల్లో బీఏ పొలిటికల్ సైన్స్ ఎలా నడుస్తోందో దాచిపెట్టుకుంటే లాభం లేదు. ఇంకెక్కడా సీటు రానివాళ్లు చేరే గ్రూపు అని పేరు పడింది. పరీక్షకు పదిహేను రోజుల ముందు గైడు కొని, ఇరవై ప్రశ్నలు బట్టీ పట్టి, "రాష్ట్రపతి అధికారములు, విధులు" అని పది పాయింట్లు రాసి బయటపడేవాళ్లే ఎక్కువ. అలా చదివిన డిగ్రీ లా కాలేజీలో అక్కరకు రాదు సరికదా, చెడ్డ అలవాటు అంటిస్తుంది. లాలో పాయింట్లు చెల్లవు, కారణం చెప్పాలి. దానికన్నా లెక్కలు శ్రద్ధగా చదివిన బీఎస్సీ పిల్ల నయం. ఒక మెట్టు తర్వాత ఇంకో మెట్టు వేయడం ఆ పిల్లకు వచ్చు.

బాగా చదవాలంటే పెద్ద ఖర్చేమీ లేదు. రాజ్యాంగం తెలుగు అనువాదం ఉంది. ఇంటర్, డిగ్రీ స్థాయిలో తెలుగు అకాడమీ రాజనీతిశాస్త్రం పుస్తకాలున్నాయి. నెలకొక్క తీర్పు ఇంగ్లీషులో తెరిచి, మొదట వాస్తవాలు, తర్వాత ప్రశ్న, తర్వాత జవాబు అని మూడు ముక్కలుగా తెలుగులోనో కన్నడంలోనో రాసుకుంటే ఏడాదికి పన్నెండవుతాయి. పన్నెండు తీర్పులు చదివి లా కాలేజీ గుమ్మం తొక్కేవాళ్లు ఎంతమంది ఉంటారు?

ఏ తలుపు తడితే ఏముంది

సబ్జెక్టు కన్నా మన పిల్లలను ఎక్కువ ఇబ్బంది పెట్టేది సీటు. అక్కడ నివాసం, భాష రెండూ అడ్డం తిరుగుతాయి.

తెలుగు రాష్ట్రాల్లో లాసెట్ ఉంది. 120 ప్రశ్నలు, అందులో 60 న్యాయవిద్యకు కావలసిన అభిరుచి మీద. రాజ్యాంగం మీద ప్రశ్నలు వచ్చేది అందులోనే. ఆంధ్రలో తెలుగులో కూడా పేపరు ఉంటుంది. పొలిటికల్ సైన్స్ తెలుగులో చదివిన మన పిల్లలు సులువుగా రాయగలరు. చిక్కేమిటంటే, ర్యాంకు వచ్చినా సీటు రాదు. 371-డి కింద వచ్చిన 1974 ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులవి. మిగతా వాటికీ పిల్లలో తల్లిదండ్రులో ఇన్నేళ్లు రాష్ట్రంలో ఉండాలన్న షరతులున్నాయి. హోసూరులో పుట్టి హోసూరులోనే పెరిగిన తెలుగు బిడ్డ ఆ లెక్కలో బయటివాడే. తెలుగు మాట్లాడటానికి అక్కడ మార్కుల్లేవు. ఆ ఉత్తర్వులోనే ఒక సందు ఉంది. అర్హత పరీక్ష రాసే ఏడాదితో కలిపి వరుసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివితే స్థానికుడు అవుతాడు. మూడేళ్ల లాకు అర్హత పరీక్ష డిగ్రీ కాబట్టి, ఇంటర్ రెండో ఏడాది, డిగ్రీ మూడేళ్లు కుప్పంలోనో చిత్తూరులోనో చదివినవాళ్లకు దారి దొరకొచ్చు. 2024 తర్వాత రెండు రాష్ట్రాల ప్రవేశాల రూల్సు కదులుతున్నాయి కాబట్టి ఆ ఏటి నోటిఫికేషన్ చేతిలో పట్టుకునే నిర్ణయం తీసుకోవాలి.

తమిళనాడులో ప్రభుత్వ లా కాలేజీలకు ప్రవేశ పరీక్ష లేదు, మార్కుల మీదే సీటు. ధర్మపురిలో 2017లో, సేలంలో 2019లో ప్రభుత్వ లా కాలేజీలు వచ్చాయి. హోసూరు వాళ్లకు మద్రాసు పరుగెత్తే బాధ తప్పింది. ఫీజు తక్కువ. అక్కడ పొలిటికల్ సైన్స్ చదివావా అని అడిగేవాళ్లు లేరు. ఏ గ్రూపులో ఎక్కువ మార్కులు తెచ్చుకోగలవో అదే మంచి గ్రూపు. టీ కొట్టు పెద్దాయనకు నేను చెప్పిన మొదటి మాట అదే.

బళ్లారి పిల్లలకు ఒక మంచి సంగతి. బెంగళూరు నేషనల్ లా స్కూల్ కర్ణాటక విద్యార్థులకు 25 శాతం సీట్లు కేటాయిస్తోంది. అక్కడి లెక్క భాషతో కాదు, కర్ణాటకలోని విద్యాసంస్థల్లో పదేళ్లు చదివి ఉంటే చాలు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, కోర్టులో ఇంగ్లీషు అయినా ఇబ్బంది లేదు. ఆ స్కూలు 2022 నుంచి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ కూడా పెట్టింది. దాని ప్రవేశ పరీక్షలో టిక్కులు పెట్టే ప్రశ్నలతో పాటు రాసే జవాబులూ ఉంటాయి. బీఏ పొలిటికల్ సైన్స్ నిజంగా చదివినవాళ్లకు ఇలాంటి చోట లాభం కనిపిస్తుంది. ఐదేళ్ల కోర్సుకు రాసే క్లాట్‌లో మాత్రం అంత లాభం లేదు. 2020 నుంచి అది పూర్తిగా పేరా చదివి జవాబు చెప్పే పరీక్ష, అదీ ఇంగ్లీషులోనే. పొలిటికల్ సైన్స్ వచ్చి ఇంగ్లీషు రానివాళ్లకన్నా ఇంగ్లీషు వచ్చి పొలిటికల్ సైన్స్ రానివాళ్లే అక్కడ ముందుంటారు. ఇది అన్యాయమంటే అన్యాయమే, కానీ ఉన్న సంగతి.

మహారాష్ట్ర సీఈటీ ఇంగ్లీషు, మరాఠీల్లో ఉంటుంది. సిరొంచ పిల్లలు మరాఠీ బడిలో చదివి ఉంటే అడ్డం లేదు. బరంపురంలో లింగరాజ్ లా కాలేజీ ఊళ్లోనే ఉంది. యానాం పిల్లల పరిస్థితే ఎటూ కాకుండా ఉంటుంది. కాకినాడ కూతవేటు దూరంలో ఉన్నా లెక్కకు పరాయి రాష్ట్రం. ప్రభుత్వ లా కాలేజీ ఉన్న పుదుచ్చేరి సొంత ప్రాంతమైనా దాదాపు 800 కిలోమీటర్లు.

సీటు తర్వాత కోర్టు. 348వ అధికరణ ప్రకారం హైకోర్టు భాష ఇంగ్లీషు. కింది కోర్టుల భాషను సివిల్ ప్రొసీజర్ కోడ్ 137వ సెక్షన్ కింద రాష్ట్రం నిర్ణయిస్తుంది. హోసూరులో ప్లీడరు కావాలంటే తమిళంలో దావా రాయాలి, బళ్లారిలో కన్నడం, బరంపురంలో ఒడియా. మాట్లాడటం వచ్చి రాయడం రాని మన పిల్లలు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. తెలుగు మీద అభిమానంతో ఆ రాష్ట్రం భాష నేర్చుకోకుండా మానేస్తే, రేపు తెలుగు బడి తరఫున జిల్లా కోర్టులో నిలబడేవాడు కూడా తెలుగువాడు కాడు. కానీ రెండు లిపులూ వచ్చినవాడికి గిరాకీ ఉంటుంది. తాతల నాటి దస్తావేజు తెలుగులో, ఇప్పటి పట్టా ఆ రాష్ట్రం భాషలో ఉన్న ఇంట్లో భాగపంపకాల తగువు వస్తే, రెండూ చదవగలిగే వకీలునే కదా వెతుక్కునేది.

పెద్దాయన అన్నీ విని, "అయితే డిగ్రీ ఇంట్లో ఉండే కరెస్పాండెన్సులో కట్టిస్తే?" అన్నాడు. కట్టించొచ్చు, ప్లస్ టూ రెగ్యులర్‌గా పాసై ఉంటే దూరవిద్య డిగ్రీకి అభ్యంతరం లేదు. కానీ పదో తరగతో ప్లస్ టూనో లేకుండా నేరుగా ఓపెన్ యూనివర్సిటీలో చేరి తెచ్చుకున్న డిగ్రీతో లాలో చేరడానికి బార్ కౌన్సిల్ నిబంధన ఒప్పుకోదు. ఆ మాట తెలియక మూడేళ్లు పోగొట్టుకున్నవాళ్లను చూశాం. వాళ్ల పాప ప్లస్ టూ కామర్స్ గ్రూపులో పాసైంది, 82 శాతం వచ్చిందట. తమిళం రాయడం వచ్చా అని అడిగాను. "రాస్తాదన్నా, నాకన్నా బాగా రాస్తాది" అన్నాడు. ధర్మపురి కాలేజీ దరఖాస్తు ఎప్పుడు మొదలవుతుందో కనుక్కుంటానని, అక్కడే నిలబడి ఫోన్ తీశాడు.